వానలకు, వరదలకు ఇంట్లో సర్ది ఉంచాల్సిన సంచి: వరంగల్ చుట్టుపక్కల తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం ముందు కాలనీ మీటింగుల్లో, ఊళ్లో మహిళా సంఘాల దగ్గర వినిపించే ప్రశ్నలివి. వరుసగా చదవాల్సిన పని లేదు. ఇంట్లో ఇన్సులిన్ వాడే మనిషి ఉంటే ముందు మందుల గురించి చదవండి. కింది అంతస్తులో ఉండేవాళ్లు కరెంటు, గ్యాస్ గురించి ముందు చూసుకోండి.

మనకు సముద్రం చాలా దూరం. వరంగల్లో ఇంత ఏర్పాటు అవసరమా?

సముద్రం లేదు గానీ చెరువులున్నాయి. కాకతీయుల నాటి గొలుసుకట్టులో పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి. మధ్యలో నాలాలు ఇరుకైపోయి, వాటి పక్కనే ఇళ్లు లేచిన చోట ఆ నీళ్లకు మన వీధులే దారి. 2020 ఆగస్టులో, 2023 జులైలో, మళ్లీ 2025 అక్టోబర్‌లో మొంథా తుఫాన్ వానలకు హన్మకొండ, వరంగల్ కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి.

2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగింది. జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వానల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్లు పడింది. 20.45 సెంటీమీటర్లకే వాతావరణ శాఖ ‘అత్యంత భారీ వర్షం’ అంటుంది. అక్కడ పడింది దానికి మూడింతలకు పైనే.

ఇంకో సంగతి. గోదావరి వరద వేరు, వాగు వరద వేరు. గోదావరి పైనుంచి పెరుగుతూ వస్తుంది కాబట్టి మంగపేట, ఏటూరునాగారం, భద్రాచలం వాళ్లకు కబురు ముందే అందుతుంది. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు ఇస్తారు. 2022 జులైలో అక్కడ 71.3 అడుగుల దాకా పెరిగింది, కానీ ఆ పెరగడం కళ్ల ముందే జరిగింది. వాగులు, నాలాలు అంత టైం ఇవ్వవు. పడుకునేటప్పుడు గడప అవతలున్న నీళ్లు లేచేసరికి మంచం కోళ్లను తాకుతుంటాయి. ఆ చీకట్లో, కరెంటు లేనప్పుడు, బీరువా తాళం వెతుక్కుంటూ సర్దుకోవడం అయ్యే పని కాదు.

సరే, సంచిలో ఏమేం పెట్టాలి?

ముందు దీన్ని రెండుగా విడదీయండి. ఇంట్లోనే ఉండిపోతే మూడు రోజులు గడవడానికి కావాల్సినవి ఒకటి. ఇల్లు వదిలి పోవాల్సి వస్తే భుజాన వేసుకునే సంచి ఇంకొకటి. చాలామంది ఈ రెండూ కలిపేసి పెద్ద సూట్‌కేసు సర్దుతారు. నీళ్లలో సూట్‌కేసును ఈడ్చుకుంటూ పోలేరు. చివరికి అది ఇంట్లోనే ఉండిపోతుంది, అందులోని మందులతో సహా.

భుజాన వేసుకునే సంచి ఐదారు కిలోలు మించొద్దు. పిల్లల పాత స్కూల్ బ్యాగు చాలు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఒక చేత్తో పిల్లను పట్టుకోవాలి, ఇంకో చేత్తో కర్ర పట్టుకోవాలి. అందులో వారం పది రోజుల మందులు, కాగితాల కవరు, టార్చిలైటు, విడి బ్యాటరీలు, నిండా చార్జింగ్ ఉన్న పవర్ బ్యాంకు, చార్జర్ వైరు, మనిషికో లీటరు నీళ్ల సీసా, నములుకునే తిండి, ఒక జత బట్టలు, తువ్వాలు, సబ్బు, విజిల్, కొద్దిగా దూది, పట్టీలు, డెట్టాల్ ఉంటే సరిపోతుంది. డబ్బులు చిల్లర నోట్లుగా పెట్టండి. టవర్లు పోతే ఫోన్‌పే, గూగుల్‌పే పనిచేయవు. ఐదు వందల నోటిస్తే పాల ప్యాకెట్టు వాడి దగ్గర చిల్లర ఉండదు.

విజిల్ ఎందుకని నవ్వేవాళ్లున్నారు. మిద్దె మీద నుంచి అరిచి అరిచి గొంతు పోయాక ఊదడానికి. పడవలో వచ్చేవాళ్లకు వాన చప్పుడులో మనిషి అరుపు కంటే విజిల్ బాగా వినిపిస్తుంది.

సంచిలో పెట్టే ప్రతి వస్తువునూ ముందు పాలిథిన్ కవర్లో పెట్టి ముడి వేయండి. వాటర్‌ప్రూఫ్ బ్యాగు కొనాల్సిన పని లేదు, మందమైన చెత్త సంచి ఒకటి బ్యాగు లోపల పరిస్తే చాలు.

ఇంట్లో ఉండిపోయేవాళ్లకు నీళ్లు ఎన్ని కావాలి?

తాగడానికి, వంటకు, ముఖం కడుక్కోవడానికి కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్కేసుకోండి. నలుగురికి మూడు రోజులంటే 48 లీటర్లు. రెండు ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు, ఒక బిందె. వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ ఇచ్చిన రోజే క్యాన్లు నింపించుకోండి, తెల్లారితే ఆటో రాదు. బాత్రూంకు, గిన్నెలకు వాడే నీళ్లు దీంట్లో కలపలేదు. వాటికి డ్రమ్ములు, బకెట్లు నింపండి.

వరద తర్వాత నల్లా నీళ్లు తిరిగి వచ్చినా వెంటనే తాగొద్దు. పైపు ఎక్కడో పగిలి ఉంటుంది, మురుగు కలిసి ఉంటుంది. బోరు, బావి మునిగి ఉంటే ఆ నీళ్లూ అంతే. శుభ్రమైన గుడ్డను నాలుగు మడతలు వేసి వడగట్టి, తెర్లు కాగనివ్వండి. తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం కాగాలి. గ్యాస్ లేకపోతే క్లోరిన్ మాత్రలు వాడొచ్చు. ఆశా కార్యకర్తను అడిగితే ఇస్తారు, మందుల షాపులోనూ దొరుకుతాయి. ఎన్ని లీటర్లకు ఒక మాత్రో ప్యాకెట్టు మీద చూసి వేయండి, మాత్రల సైజులు రకరకాలుగా ఉంటాయి. వేశాక అరగంట ఆగాలి. క్లోరిన్ సూక్ష్మక్రిములను చంపుతుంది గానీ నీళ్లలో కలిసిన పురుగుమందును, పెట్రోలును తీసేయలేదు. అలాంటి వాసన వస్తే పారబోయడమే.

తిండి సంగతి?

దుకాణంలో డబ్బా తిండి వెతకొద్దు. మన వంటింట్లోనే ఉంది. అటుకులు, పేలాలు, పుట్నాలు, పల్లీలు, బెల్లం, పల్లిపట్టీలు, ఖర్జూరాలు, బిస్కెట్లు, పాలపొడి. సత్తుపిండి అన్నిటికంటే మేలు. మక్కలో, పెసలో వేయించి పట్టించిన పిండి, బెల్లం పొడి కలిపి డబ్బాలో పెడితే పొయ్యి అక్కర్లేదు, నీళ్లు లేకున్నా నోట్లో వేసుకోవచ్చు, కడుపు నిలబడుతుంది. సద్దుల బతుకమ్మకు ఎలాగూ చేస్తాం. అదే చేత్తో వానాకాలం ముందు ఒక డబ్బా పట్టించండి.

ఉప్పు, కారం ఎక్కువ వేసిన మురుకులు, మిక్చర్ తగ్గించండి. దాహం పెంచుతాయి. నీళ్లు తక్కువున్న ఇంట్లో అది కొత్త టెన్షన్.

మా నాన్నకు షుగర్, బీపీ. ఇన్సులిన్ కూడా ఉంది. కరెంటు పోతే ఏం చేయాలి?

ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే సంచి సర్దడం ఇక్కడి నుంచే మొదలు కావాలి. బిస్కెట్లు లేకపోతే ఒక పూట ఆకలి. ఇన్సులిన్ లేకపోతే ఆసుపత్రి, అదీ రోడ్లు మూసుకుపోయిన రోజు.

వాడడం మొదలుపెట్టిన ఇన్సులిన్ సీసా, పెన్ను ఎండ తగలకుండా 30 డిగ్రీల లోపు ఉంచితే ఫ్రిజ్ లేకున్నా సాధారణంగా నాలుగు వారాలు పనిచేస్తాయి. రకాన్ని బట్టి కొద్దిగా తేడా ఉంటుంది కాబట్టి పెట్టె మీద రాసింది చూడండి. కొత్త సీసాలకు మాత్రం 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు ఊరికే తెరవొద్దు. రెండో రోజు కూడా రాకపోతే కుండ పద్ధతి. పెద్ద కుండలో తడి ఇసుక, దాని మధ్యలో చిన్న కుండ, చిన్న కుండలో మూత బిగించిన డబ్బా, డబ్బాలో ఇన్సులిన్. ఇసుక తడి ఆరకుండా చూసుకుంటూ నీడలో పెట్టాలి. ఐస్ ముక్కల మీద నేరుగా పెట్టొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

సంచిలో సూదులు, షుగర్ చూసే మిషన్, దాని స్ట్రిప్పులు కూడా ఉండాలి. చక్కెర పొట్లం మర్చిపోవద్దు, తిండి ఆలస్యమై షుగర్ పడిపోతే అదే ముందు కావాలి. బీపీ, గుండె, థైరాయిడ్, ఫిట్స్ మాత్రలు వారం పది రోజులవి ఎప్పుడూ విడిగా ఉంచి, కొత్త స్ట్రిప్పు తెచ్చినప్పుడల్లా సంచిలోని పాతది తీసి వాడుకోండి. ఆస్తమా వాళ్లకు ఇన్‌హేలర్ తప్పనిసరి. ముసురుకు, తడి గోడల వాసనకు ఆయాసం ఎక్కువవుతుంది.

మందుల పేర్లు, మోతాదు ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాసి పెట్టండి. పెన్ను సిరా తడిస్తే పారిపోతుంది, పెన్సిల్ రాత చెదరదు. క్యాంపులో డాక్టర్ “ఏం మాత్ర వాడతారు?” అంటే “తెల్లగా, గుండ్రంగా ఉంటుంది” అని చెప్పే పరిస్థితి రాకూడదు.

డయాలసిస్ చేయించుకునేవాళ్లు రెడ్ అలర్ట్ రాగానే సెంటర్‌కు ఫోన్ చేసి, ఒకరోజు ముందే చేస్తారేమో అడగండి. నెలలు నిండిన గర్భిణిని వాగు ఇవతలికి, ఆసుపత్రి దగ్గరున్న చుట్టాలింటికి ముందే చేర్చండి. ఆశా కార్యకర్తకు, 102 బండికి ముందే చెప్పి ఉంచడం మంచిది.

కాగితాలన్నీ డిజిలాకర్‌లో ఉన్నాయి. ఒరిజినల్స్ మోయాలా?

ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు పోయినా మళ్లీ తీసుకోవచ్చు. తిరిగి తెచ్చుకోవడానికి చెప్పులరిగేవి వేరే ఉన్నాయి. పదో తరగతి మెమోలు, డిగ్రీ సర్టిఫికెట్లు, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాసుపుస్తకం, కులం సర్టిఫికెట్. వీటిని ముందు పెట్టండి. రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, ఇన్సూరెన్స్ బాండు తర్వాత.

జిప్ కవర్లో పెట్టి, లోపలి గాలి అరచేత్తో నొక్కి బయటికి పంపి, జిప్పు వేసి, దాన్ని తిరగేసి ఇంకో కవర్లోకి తోయండి. రెండు జిప్పులూ ఒకే వైపు ఉండకూడదు. అన్నిటికీ ఫొటోలు తీసి వేరే ఊళ్లో ఉన్న కొడుక్కో, చెల్లెకో పంపి ఉంచండి. మీ ఫోన్ నీళ్లలో పడితే మీ గ్యాలరీ కూడా దాంతోనే పోతుంది.

బంగారం గురించి ఎవరూ పైకి అడగరు గానీ ఆలస్యం ఎక్కువగా దానివల్లే. ముసురు పట్టిన రోజే ఎక్కడుందో చూసుకుని చిన్న సంచిలో చేర్చండి.

పసిపిల్లలు, ఆడవాళ్లు, ముసలివాళ్లకు ప్రత్యేకంగా ఏం పెట్టాలి?

శానిటరీ ప్యాడ్లు. సంచి సర్దేది మగవాళ్లయితే మర్చిపోయేది ఇదే. నెల తేదీతో పని లేకుండా ఒక ప్యాకెట్టు ఎప్పుడూ ఉండాలి, వాడినవి పడేయడానికి పాత పేపరు, నల్ల కవర్లు కూడా. పునరావాసం అంటే ఏ బడో, ఫంక్షన్ హాలో అవుతుంది. అక్కడ మరుగుదొడ్లు చాలవు. అందుకే ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, మూత్రంలో మంటతో ఇంటికొస్తారు. ఒక చున్నీ, మూతున్న చిన్న బకెట్టు ఉంటే చాలా ఇబ్బంది తగ్గుతుంది.

పసిపిల్లకు తల్లిపాలు మాన్పించొద్దు. డబ్బా పాలు పట్టేవాళ్లు కాచిన నీళ్ల కోసం చిన్న ఫ్లాస్కు ఉంచుకోవాలి. మాటలు సరిగా రాని పిల్లల జేబులో పేరు, ఇద్దరు పెద్దల ఫోన్ నంబర్లు రాసిన చీటీ, కవర్లో చుట్టి, పిన్నీసుతో గుచ్చండి. ముసలివాళ్లకు కళ్లద్దాలు, వినికిడి మిషన్ సెల్లు, పళ్ల సెట్టు, చేతికర్ర.

మాది అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. మాకేం కాదు కదా?

ఇంట్లోకి నీళ్లు రావు. కానీ సెల్లార్ మునిగితే మోటారు, లిఫ్టు, జనరేటర్ మూడూ ఆగుతాయి. ట్యాంకులో నీళ్లు అయిపోతాయి. వీధిలో నడుం లోతు నీళ్లుంటే పాలవాడు కూడా రాడు. మీకు భుజాన వేసుకునే సంచి కంటే ఇంటి సరుకులు ముఖ్యం. ఇంకొకటి, సెల్లార్‌లోకి నీళ్లు వస్తున్నప్పుడు బండి తీసుకొద్దామని కిందికి దిగొద్దు. ర్యాంపు మీది నుంచి నీళ్లు ఒక్కసారిగా దూకుతాయి, వాటిలో కరెంటు కూడా ఉండొచ్చు.

కరెంటు, గ్యాస్ ఎప్పుడు ఆపాలి?

నీళ్లు గడప దాటకముందే, మీ కాళ్లు, చేతులు పొడిగా ఉన్నప్పుడే మెయిన్ ఆపండి. నీళ్లలో నిలబడి స్విచ్ బోర్డు ముట్టొద్దు. ఆ పరిస్థితి వచ్చేసిందంటే వదిలేసి బయటికి పోయి 1912కు ఫోన్ చేయండి.

అందరూ మర్చిపోయేది ఇన్వర్టర్. మెయిన్ ఆపగానే ఇంట్లో కరెంటు లేదనుకుంటారు. ఇన్వర్టర్ అప్పుడే పని మొదలుపెడుతుంది, ప్లగ్గుల దాకా కరెంటు పంపుతూనే ఉంటుంది. దాని బ్యాటరీ చాలా ఇళ్లలో మెట్ల కింద, నేల మీదే ఉంటుంది. ఇన్వర్టర్‌ను కూడా విడిగా ఆపాలి. వానాకాలం ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి దాన్ని రెండడుగులు పైకి ఎక్కించుకోండి.

గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ తీసి, మూత పెట్టండి. సిలిండర్ నీళ్లలో తేలుతుంది కాబట్టి కిటికీ ఊచకు తాడుతో కట్టండి. తిరిగొచ్చాక ఇంట్లో గ్యాస్ వాసన వస్తుంటే స్విచ్చు వేయొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. ముందు కిటికీలు తెరవండి. సంచిలో కొవ్వొత్తుల కంటే టార్చిలైటు మేలనడం ఇందుకే.

ఇల్లు ఎప్పుడు వదలాలి? ఎవరికి ఫోన్ చేయాలి?

మైకు బండి వచ్చి ఖాళీ చేయమంటే అప్పుడే. రాకపోయినా, వీధి మోరీ వెనక్కి తన్నుతుంటే, బాత్రూం జాలీలోంచి నీళ్లు పైకి వస్తుంటే ఆలోచించొద్దు. వెలుతురు ఉండగా వెళ్లినవాళ్లకు సగం కష్టమే. “ఇంకో గంట చూద్దాం” అన్నవాళ్లను తర్వాత పడవలో తేవాల్సి వస్తుంది.

ఏ ఆపదకైనా 112. అంబులెన్సుకు 108, ఫైర్ స్టేషన్‌కు 101, జిల్లా విపత్తు కంట్రోల్ రూంకు 1077, రాష్ట్ర కంట్రోల్ రూంకు 1070. వానలు ముదిరినప్పుడు కలెక్టరేట్, మున్సిపల్ కార్పొరేషన్ వేరే నంబర్లు కూడా ఇస్తాయి, పేపర్లో చూసి రాసుకోండి. హెచ్చరికలకు ఫోన్‌లో ‘సచేత్’ యాప్, పిడుగులకు ‘దామిని’ యాప్ పెట్టుకోండి. రెండూ ప్రభుత్వానివే. వాట్సాప్‌లో తిరిగే “చెరువు తెగింది” వాయిస్ మెసేజీలు మాత్రం ముందుకు పంపొద్దు. ఏ చెరువో, ఏ ఏడాదిదో తెలియదు, జనం పరుగెత్తి పడతారు.

రోడ్డు మీద నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి. బండి మీద దాటొచ్చా?

వద్దు. పారే నీళ్లు జానెడు కూడా లేకున్నా, పదిహేను సెంటీమీటర్లుంటే చాలు, మనిషి కాలు జారుతుంది. అడుగు లోతులో చిన్న కారు పట్టు తప్పుతుంది, రెండడుగుల్లో దాదాపు ఏ కారైనా కొట్టుకుపోతుంది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ దగ్గర ఆకేరు వాగు ఒక కారును అట్లాగే తీసుకుపోయింది. అదే వానకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. లో లెవల్ వంతెన మీద నీళ్లుంటే కింద రోడ్డు మిగిలి ఉందో లేదో పైనుంచి తెలియదు.

బర్రెలు, మేకలు ఉన్నాయి. వాటినేం చేయాలి?

తీసుకుపోగలిగితే ముందే మెరకకు తోలండి. లేదంటే కనీసం పగ్గాలు విప్పేయండి, కొట్టం తలుపు తెరిచి పెట్టండి. విడిచిన గొడ్డు ఈదుకుంటూ గట్టెక్కుతుంది, కట్టేసింది గుంజ దగ్గరే చస్తుంది. చెవి పోగు నంబర్లు ఫొటో తీసుకోండి, నష్టం రాసేటప్పుడు అడుగుతారు.

ఎండాకాలంలో ఈ సంచితో పనేముంది?

మే నెలలో గాలిదుమారానికి స్తంభాలు కూలి రెండు రోజులు కరెంటు లేకపోతే ఇదే టార్చి, ఇవే నీళ్లు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మాత్రం ఎక్కువ పెట్టండి. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. రామగుండం, ఆదిలాబాద్ వైపు ఎండలు తెలిసినవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు.

భూకంపం గురించి కూడా అడుగుతున్నారు. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చింది, వరంగల్లో కూడా గిన్నెలు కదిలాయి. దానికి వేరే సంచి అక్కర్లేదు. మంచం పక్కన చెప్పులు, టార్చి ఉంచుకోండి, పగిలిన గాజు మీద ఉత్త కాళ్లతో నడవకుండా.

సంచిని ఎన్నాళ్లకోసారి చూసుకోవాలి?

ఏడాదికి రెండుసార్లు. మృగశిర కార్తెకు ఒకసారి, దసరాకు ఒకసారి. మొంథా అక్టోబర్ ఆఖర్లో వచ్చింది కాబట్టి రెండోది మానొద్దు. టార్చిలోంచి బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి, లోపలే ఉంటే కారి తుప్పు పడుతుంది. పిల్లలు పెరుగుతారు, బట్టల సైజు చూడండి. సంచి అటక మీద కాదు, తలుపు పక్కన కొక్కేనికి ఉండాలి.

నీళ్లు తీశాక ఇంట్లోకి పోయేటప్పుడు జాగ్రత్తలేంటి?

పగటిపూట పోండి, బూట్లు వేసుకోండి, చేతిలో కర్ర ఉండాలి. చుట్టిన పరుపులు, చెప్పుల గూడు, బియ్యం డ్రమ్ము వెనక పాములుంటాయి. కర్రతో తట్టాకే చేయి పెట్టండి. పాము కాటేస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏదీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసరు మందు పోయించుకుని వద్దాం అనుకున్న గంటలోనే ప్రాణం మీదికొస్తుంది.

తడిసిన బోర్డులు, మోటార్లు, ఫ్రిజ్ ఎలక్ట్రీషియన్ చూశాకే వేయండి. వరద నీళ్లు తగిలిన కూరగాయలు, పిండి, తెరిచిన మందులు పడేయండి. కాళ్లకు పుండ్లుంటే బురదలో దిగొద్దు. నాలుగైదు రోజుల తర్వాత ఒళ్లు నొప్పులతో జ్వరం వస్తే, వరద నీళ్లలో తిరిగిన సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జ్వరం అయ్యుండొచ్చు.

బురద ఎత్తేముందు ఒక పని మిగిలి ఉంది. గోడ మీద నీటి మట్టం చారికతో సహా ప్రతి గదినీ ఫొటో తీయండి. తడిసిన సామాను, పగిలిన టీవీ, కూలిన ప్రహరీ అన్నీ రావాలి. రెవెన్యూ వాళ్లు నష్టం రాసుకోవడానికి వచ్చేసరికి మీరు ఇల్లు కడిగి ముగ్గేసి ఉంటారు, అప్పుడు చూపించడానికి ఆ ఫొటోలే ఉంటాయి.